"పిల్లలకు రంగు తెలియదు" అనే ఫార్వర్డ్‌కి జవాబు

2020 మే 25న మినియాపొలిస్‌లో డెరెక్ షావిన్ అనే తెల్లజాతి పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు మోపి ప్రాణం తీశాడు. అమెరికాలో ఊరూరా జనం రోడ్డెక్కారు. అప్పట్నుంచీ అలాంటి నిరసన ఎప్పుడు జరిగినా అక్కడి తెలుగు తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒక సందేశం మాటలు మార్చుకుని తిరుగుతోంది. సారాంశం ఇది: చిన్నపిల్లలకు రంగు తెలియదు, నిరసనల గురించి చెప్తే లేని తేడాని మనమే నేర్పినట్టు. పైగా భయపడతారు. అసలవి నిరసనలు కావు, లూటీలు. అయినా అది నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ గొడవ, మనకెందుకు? "అందరూ సమానమే" అని చెప్పి వదిలేయండి.

పంపేవాళ్ళు పిల్లల మీద ప్రేమతోనే పంపుతున్నారు. కానీ ఇందులో నిలబడే మాట ఒక్కటే ఉంది, అదీ సగమే. అక్కడికి వస్తాను.

ముందు ఆ "రంగు తెలియదు" సంగతి. 2005లో బ్రిటన్‌లో పరిశోధకులు తెల్లజాతి శిశువులకు రకరకాల జాతుల ముఖాలు చూపించారు. అప్పుడే పుట్టినవాళ్ళు తేడా చూపలేదు. మూడు నెలల వాళ్ళు మాత్రం తమ జాతి ముఖాల వైపు ఎక్కువసేపు చూశారు. ఇది ద్వేషం కాదు, రోజూ చూసే ముఖాల అలవాటు. కానీ చూపు ఉందని తేలిపోయింది. ఆ చూపుకి అర్థం తర్వాత చేరుతుంది. 1940ల్లో కెనెత్, మేమీ క్లార్క్ దంపతులు 3 నుంచి 7 ఏళ్ళ నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, గోధుమరంగు బొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగితే, ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. ఆ పిల్లల్ని కూర్చోబెట్టి ఎవరూ పాఠం చెప్పలేదు. స్కూళ్ళలో జాతి వేర్పాటు చెల్లదంటూ 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన కూడా ఉంది.

మన ఇళ్ళ సంగతి వేరే చెప్పాలా? "ఎండలో ఆడకు, నల్లబడతావ్" అని మూడేళ్ళ పిల్లతో అంటాం. పెళ్ళిచూపుల కబుర్లలో "చామనఛాయే గానీ కళగల ముఖం" అంటాం, ఆ "గానీ" పిల్లల చెవిన పడదా? కారులో వెళ్తూ "అటు వద్దు, అంతా నల్లోళ్ళ ఏరియా" అని ఇల్లు వెతికేటప్పుడు అనేస్తాం. వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నవాడు అన్నీ వింటాడు. వాడికి రంగు పాఠం తెలుగులోనే మొదలైపోయింది. కాబట్టి చెప్పాలా వద్దా అనేది ఇప్పుడు ప్రశ్న కాదు. చెప్పేసిన దాన్ని ఎలా సరిదిద్దాలన్నదే ప్రశ్న.

ఇక భయం. నిలబడే సగం మాట ఇదే. ఫ్లాయిడ్ చనిపోతున్న వీడియో చిన్నపిల్లలు చూడకూడదు. టీవీలో అవే దృశ్యాలు మళ్ళీ మళ్ళీ వేస్తుంటే ఆపేయాలి. అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ దృశ్యం దాచడం వేరు, విషయం దాచడం వేరు. అమ్మానాన్నా గుసగుసలాడుకుంటూ, తను గదిలోకి రాగానే మాట ఆపేస్తే, నాలుగేళ్ళ బుర్ర ఆ ఖాళీని ఏ భూతంతో నింపుకుంటుందో మనం ఊహించలేం. 2020 జూన్ 6న సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ షో వాళ్ళు సీఎన్ఎన్‌తో కలిసి చేసిన కార్యక్రమంలో ఎల్మో అనే బొమ్మ వాళ్ళ నాన్నని నిరసన అంటే ఏమిటని అడుగుతాడు. జనం తమకు నచ్చని, బాధ కలిగించే సంగతిని అందరికీ తెలియజేయడానికి కలిసి రావడం అని ఆ నాన్న చెప్తాడు. మన ఇంట్లో అయితే ఇలా చెప్పొచ్చు: "ఒక పోలీసు వల్ల ఒకాయన చనిపోయాడు కన్నా. ఆయన ఒంటి రంగు నలుపు. నల్లగా ఉన్నవాళ్ళతో ఇలా ఇంతకుముందూ చాలాసార్లు అన్యాయంగా చేశారు. ఇక చేయొద్దని అందరూ గట్టిగా చెప్తున్నారు. నువ్వు ఇక్కడ మా దగ్గర ఉన్నావు, భయం లేదు." అన్నకి రెండు లడ్డూలు, తనకి ఒకటి ఇస్తే ఇల్లు పీకి పందిరేసే వయసు అది. అన్యాయం అంటే ఏమిటో దానికి కొత్తగా నేర్పక్కర్లేదు.

అసలు చెప్పకుండా ఉండే వీలు అందరికీ లేదు. ఫ్లాయిడ్ చనిపోతుంటే ఆ ఫుట్‌పాత్ మీద చూస్తూ నిలబడ్డవాళ్ళలో 9 ఏళ్ళ పాప ఒకతె. 2021 మార్చిలో కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది, బాధేసిందనీ కాస్త కోపం కూడా వచ్చిందనీ. ఆ పాప ఇంట్లోవాళ్ళని "ఇంకా చిన్నపిల్ల కదా, ఆగండి" అనగలమా?

లూటీల మాటకి ఎక్కువ చెప్పక్కర్లేదు. మే 28 రాత్రి మినియాపొలిస్‌లో పోలీస్ స్టేషన్ తగలబడింది, నిజమే. కానీ ఆ వేసవిలో ఈ నిరసనల్ని లెక్కగట్టిన ఏక్లెడ్ సంస్థ ప్రకారం 93 శాతానికి పైగా ప్రశాంతంగానే జరిగాయి. "చాలామంది నడిచారు, కొంతమంది పగలగొట్టారు, పగలగొట్టడం తప్పు" అంటే అయిదేళ్ళవాడికి అర్థమవుతుంది. 1963 మేలో అమెరికాలోని అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో, జాతి వేర్పాటు ఆపాలంటూ వందల మంది నల్లజాతి స్కూలు పిల్లలే ఊరేగింపుకి వెళ్ళారు. వాళ్ళ మీద కుక్కల్ని ఉసిగొల్పిందీ, ఫైరింజన్ నీళ్ళు కొట్టిందీ పోలీసులూ ఫైర్ సిబ్బందీ.

"మనకెందుకు" అనేది నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే వాదన. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. మనవాళ్ళ పౌరసత్వానికి దారి తెరిచిన 1946 చట్టం తర్వాత కూడా భారత్ నుంచి వచ్చేవాళ్ళకి ఏడాదికి వందమందికే కోటా. దేశాన్ని బట్టి కోటాలు పెట్టే ఆ పద్ధతిని 1965 చట్టం ఎత్తేసింది. అది వచ్చింది నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటం ఊపులోనే. మనవాళ్ళ వీసాలకి దారి అక్కడ పడింది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలాథేలో "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చినవాడు హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఇది ఎవరి గొడవ అని అడగలేదు. (2020లో అమెరికాలో మొదలైన ఆ వేడికే మన ఫెయిర్ అండ్ లవ్లీ ట్యూబు మీద పేరు మారింది, అదీ గుర్తుంచుకోండి.)

చివరగా "అందరూ సమానమే". అలా ఉండాలి, సరే. ఉన్నారని చెప్తే మాత్రం పిల్లాడు తన కళ్ళతో చూసేదానికి పొంతన కుదరదు. అందరూ సమానమే అయితే వాళ్ళకే ఎందుకిలా అవుతోంది, తప్పు వాళ్ళదేనేమో అనుకుంటాడు. ఈ మాట తర్వాత వచ్చే ప్రశ్న కూడా ఒకటి ఉంటుంది: "అయితే పోలీసులు చెడ్డవాళ్ళా?" దానికి జవాబు జరిగిన కథలోనే ఉంది. 2021 ఏప్రిల్‌లో మినియాపొలిస్ పోలీస్ చీఫ్ మెడేరియా అరడాండో స్వయంగా బోనెక్కి, షావిన్ చేసింది తమ నియమాలకు విరుద్ధమని చెప్పాడు. అదే నెల 20న జ్యూరీ షావిన్‌ని దోషి అంది, జూన్‌లో ఇరవై రెండున్నరేళ్ళ శిక్ష పడింది. ఇది ఆరేళ్ళ పిల్లకి చెప్పగలిగినంత చిన్న కథే.