జాంబీ అనే ముందు పొట్ట విప్పి చూడండి

కందిరీగలో పరాన్నజీవి కనబడితే చాలు, "జాంబీ కందిరీగ" అని శీర్షిక తగిలించేస్తారు. మెదడుకి ఎవరో తాడు కట్టి ఆడిస్తున్నారన్నట్టు! పొట్టలో జరిగేది మాత్రం ఎవరికీ పట్టదు.

జీనోస్ వెస్పారమ్‌నే తీసుకోండి. 1793లో ఇటలీ శాస్త్రవేత్త రోసీ వర్ణించిన పరాన్నజీవి పురుగు, యూరప్‌లో పోలిస్టెస్ డొమినులా కందిరీగల్లో బతుకుతుంది. కంటికి సరిగా ఆనని దాని పిల్ల, గూటి గదిలో ఉన్న కందిరీగ డింభకం (రెక్కలు రాని పిల్లపురుగు) లోకే దూరుతుంది. "లోపలి అవయవాలన్నీ నమిలేస్తుంది" అనేది ఇంకో అబద్ధం. అది చుట్టూ ఉన్న రక్తద్రవం నుంచి పోషకాలు పీల్చుకుంటుంది, అంతే. కందిరీగకు రెక్కలొచ్చాక, పొట్ట మీద వరసగా ఉండే పట్టీల్లాంటి పలకల సందులోంచి దాని తల భాగం బయటికి పొడుచుకొస్తుంది.

లోపలున్నది మగదా ఆడదా అన్నదే అసలు ప్రశ్న, కానీ దాన్ని అడిగేవాళ్ళే తక్కువ. మగదైతే ప్యూపా గుల్ల మూత తెరుచుకుని ఎగిరిపోతుంది, కొన్ని గంటలే బతుకుతుంది. కందిరీగ పొట్టకు చిల్లు మిగులుతుంది, ఆ కందిరీగ కూడా ఎక్కువకాలం బతకదు. ఆడదానికి రెక్కలూ కాళ్ళూ కళ్ళూ లేవు, జన్మంతా ఆ పొట్టలోనే. దాన్ని మోస్తున్న కందిరీగ గూటిపని ముట్టదు, పుట్టిన వారం రోజుల్లోనే గూడు వదిలేస్తుంది. కొవ్వు కణజాలం రాణి కాబోయేదానిలా నిండుగా ఉంటుంది, చలికాలం దాటేస్తుంది. అండాశయాలు మాత్రం ఎదగవు. రాణి ఒళ్ళు, గొడ్రాలి కడుపు! వసంతంలో అది గూళ్ళ దగ్గరికి చేరితే జీనోస్ పిల్లలు అక్కడ దిగుతాయి.

చూడటం కష్టమేం కాదు. కందిరీగని చల్లబరిచి, పొట్ట వంచి, లెన్సుతో పట్టీల సందులు వెతకండి. చదునుగా, గోధుమరంగులో చిన్న పొలుసులా ఉంటే ఆడది. నల్లగా, గుండ్రంగా ఉబ్బిన మూత ఉంటే మగది. కోయాలంటే సెలైన్‌లో పక్కల వెంట కత్తిరించి పైపట్టీలు ఎత్తాలి. ఆల్కహాల్‌లో నానబెట్టినవి వద్దు, కణజాలం గట్టిపడి కొలతలు చెడతాయి. రెండు అండాశయాలు, ఒక్కోదానిలో మూడు అండనాళికలు (గుడ్లు తయారయ్యే సన్నని గొట్టాలు) కనబడాలి.

ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఎండాకాలంలో పట్టిన ఆరోగ్యమైన కూలి కందిరీగ అండాశయాలూ చిన్నవే, రాణి పెత్తనం వల్ల. పురుగున్న కందిరీగని దాని పక్కన పెట్టి "పరాన్నజీవి ఏం చేయలేదు" అంటే ఎలా? శరత్తులో రాణి కాబోయేదానితో పోల్చినా లాభం లేదు, దానికీ అండాలు వసంతంలోనే పెరుగుతాయి. పోలిస్తే వసంతంలో గూడు మొదలుపెట్టిన రాణితో పోల్చండి. ఒకే పొట్టలో రెండు మూడు పురుగులుంటే ఆ లెక్క వేరుగా రాసుకోండి, ఒక్కటే ఉన్నవాటితో కలిపేయకండి.