కప్పు మీంచి కుక్కలు జారిపడలేదు

వాన దంచికొట్టిన ప్రతిసారీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అదే ఫార్వర్డ్. 1500ల నాటి ఇంగ్లండులో పిల్లులూ కుక్కలూ గడ్డి కప్పుల్లో వెచ్చగా పడుకునేవట. వాన పడితే గడ్డి జారుడై దబదబా కిందపడేవట. జోరువానకి వాడే 'రెయినింగ్ లైక్ క్యాట్స్ అండ్ డాగ్స్' అనే ఇంగ్లిష్ జాతీయం అలా పుట్టిందట, ఇంగ్లిష్ వాళ్లు రోజూ ఇదే వాడతారట. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పుకు బతికేదాన్ని, ఈసారి ఊరుకోలేకపోయాను.

ముందు ఆ కప్పు సంగతి. గడ్డిల్లు ఎరిగినవాళ్లెవరూ ఇది నమ్మరు. మా అమ్మమ్మ వాళ్లింటి కప్పులో ఎలుకలుండేవి, పిచ్చుకలు గూళ్లు పెట్టేవి. ఎలుకల కోసం పిల్లి ఎక్కేది, సరే. కుక్క ఎక్కాలంటే నిచ్చెన వెయ్యాలి. బాగా కప్పిన గడ్డి బిగుతుగా ఉంటుంది, నీళ్లు పైపైనే చూరుకి జారిపోతాయి. దూరి పడుకోడానికి సందేదీ? చినుకు పడగానే మా అమ్మమ్మ పిల్లి పొయ్యి పక్కన తేలేది. తడవకూడదనుకున్న జంతువు కప్పు కిందికి వస్తుంది గానీ మీదికి పోతుందా!

1500ల మాటా నిలవదు. ఆ కథ 1999లో ఈమెయిళ్లలో తిరిగిన సరుకు. అచ్చులో చూస్తే, 1653లో వెలువడ్డ రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కురిసేవి కుక్కలూ పోల్‌క్యాట్లూ, అంటే ముంగిసలా ఉండే జంతువులు. ఇప్పటి రూపం జొనాథన్ స్విఫ్ట్ 1738 పుస్తకంలో ఉంది. లండన్ వాన మీద ఆయనే 1710లో రాసిన పద్యంలో చచ్చిన పిల్లులూ కుక్కపిల్లలూ వరదలో కొట్టుకొస్తాయి. జాతీయానికి మూలం అదేనంటారు కొందరు, కానీ బ్రోమ్ అంతకు ముందువాడు కదా. అసలు పుట్టుక ఇప్పటికీ తేలలేదు. అయినా కుండపోత అన్నప్పుడు పైన కుండలు పట్టుకున్నదెవరని మనం అడుగుతామా?

ఆ 'లైక్' మన చేర్పు. ఉపమానం అనుకుని పెట్టేస్తాం. ఇంగ్లిష్‌లో అది లేదు.

రోజూ వాడతారా? వాళ్లకిది పాతబడ్డ మాట, ఎక్కువగా సరదాకే అంటారు. మా విద్యార్థి ఒకడు ఇంటర్వ్యూకి లేటయి 'డ్యూ టు క్యాట్స్ అండ్ డాగ్స్, సర్' అన్నాడు. వీధికుక్కలు తరిమాయనుకున్నారట. 'ఇట్స్ పోరింగ్' చాలు. మైత్రీవనం దగ్గర మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డవాడికి అంతకన్నా పెద్ద వాక్యానికి ఓపికెక్కడిది!