కొవ్వొత్తి తప్ప అన్నీ అమ్ముడుపోతాయి

మన రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్లు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదని కంకణం కట్టుకున్న పరోపకారులు కొందరున్నారు. తెల్లవారుజామున లేచి, వాకిలి ఊడ్చి, క్యారేజీలు కట్టి, పిల్లల్ని బస్సెక్కించి, అత్తగారికి బీపీ మాత్ర ఇచ్చి, పన్నెండింటికి కాస్త నడుం వాల్చి ఫోను చేతిలోకి తీసుకున్న ఇల్లాలిని చూస్తే వీళ్ల గుండె తరుక్కుపోతుంది. వెంటనే తెర మీదికొచ్చేస్తారు. "ఇంట్లో ఖాళీగా కూర్చున్నారా అక్కా? కొవ్వొత్తులు చేయండి! 500 పెట్టుబడి, నెలకు 50 వేలు!"

నిన్నటిదాకా అప్పడాలన్నారు, అగరబత్తీలన్నారు, పేపర్ ప్లేట్లన్నారు. ఇప్పుడు కొవ్వొత్తి వంతు. ఇందులో పిండి రుబ్బే పని లేదు, మిద్దె మీద ఆరబెట్టి కాకుల్ని తోలే పని లేదు. మైనం కరిగించు, అచ్చులో పొయ్యి, చల్లారాక లాగు. వీడియో రెండు నిమిషాల్లో అయిపోతుంది.

రెండు నిమిషాల్లో ఎందుకవుతుందంటే, చెప్పాల్సిందేదీ అందులో ఉండదు కనక. పాలగిన్నెను నేరుగా స్టవ్ మీద పెట్టి మైనం కరిగించేస్తారు. పారఫిన్ మైనం 60 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతుందని, అందుకే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలని చెప్పరు. మరీ వేడెక్కితే అది వంటనూనెలా భగ్గుమంటుందని, కంగారుపడి చెంబెడు నీళ్లు పోస్తే మంట కప్పు దాకా లేస్తుందని, మూత పెట్టి స్టవ్ కట్టేయాలని చెప్పరు. మిగిలిన మైనం సింకులో పారబోస్తే పైపులో గడ్డకట్టి ప్లంబర్‌కు జీవనోపాధి అవుతుందని కూడా చెప్పరు. బహుశా ఇంటింటా స్వయం ఉపాధి అంటే ఇదేనేమో.

1860లో లండన్‌లో మైఖేల్ ఫెరడే అనే పెద్దమనిషి పిల్లల ముందు ఒక కొవ్వొత్తి పెట్టుకుని ఆరు ఉపన్యాసాలిచ్చాడు. మండేది వత్తి కాదర్రా, మైనం ఆవిరి అని చెప్పి, ఆర్పిన కొవ్వొత్తి నుంచి లేచే పొగకు నిప్పు చూపించి, మంట గాల్లోంచి వత్తి మీదికి దూకడం చూపించాడు. ఆరు ఉపన్యాసాలూ అయ్యాయి, ఒక్క సిలికాన్ అచ్చు కూడా అమ్మలేదు. వ్యాపారం తెలియని మనిషి.

తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. ఆదివారం ఏసీ హాల్లో మాస్టర్ క్లాస్ పెడతారు. సోయా మైనం, సువాసన నూనెలు, గాజు గ్లాసులు, చివర్లో లామినేషన్ చేసిన సర్టిఫికెట్. అక్కడ నేర్చుకున్నవాళ్లు మామూలు కొవ్వొత్తి చేస్తే నామోషీ. లడ్డూ కొవ్వొత్తి, ఫిల్టర్ కాఫీ కొవ్వొత్తి, పూతరేకు కొవ్వొత్తి చేయాలి. అసలు లడ్డూ చేయడం వచ్చా అని మాత్రం అడగకూడదు.

ఆ మధ్య మణికొండలో ఒక గృహప్రవేశం. టిఫిన్ బల్ల మీద ఒక్కొక్కరి ముందూ రిటర్న్ గిఫ్ట్ డబ్బా పెట్టారు. పైన పారదర్శకమైన మూత, లోపల రెండు ఇడ్లీలు, ఒక వడ, చిన్న గిన్నెలో సాంబారు. నరసరావుపేట నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన బాబాయి గారొకరు, షుగర్ మనిషి, వడ్డించేవాళ్ల కోసం ఇంకా ఎదురుచూసే ఓపిక లేక డబ్బా తీశారు. ఇడ్లీ తుంచబోయారు. తెగలేదు. బొటనవేలు పెట్టి నొక్కి ఓ ముక్క విరిచి, సాంబారులో అద్దబోతే సాంబారు కూడా గట్టిగానే ఉంది. అయినా పెళ్లిళ్లలో ఇంతకన్నా ఘోరమైనవి తిన్న మనిషి కాబట్టి నోట్లో వేసుకుని నమిలారు. చాలాసేపు నమిలారు.

"రవ్వ పాతది. క్యాటరింగ్ ఎవరికిచ్చారు?"

ఇంటి కోడలు పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అయ్యో బాబాయి గారూ, అది కొవ్వొత్తి! నేనే చేశాను!"

"కొవ్వొత్తా? మరి సాంబారు వాసనొస్తుందే?"

"అది ఫ్రాగ్రెన్స్ అండీ."

బాబాయి గారు ముక్క చేతిలోకి ఊసి, కళ్లజోడు సవరించుకుని చూశారు. నిజమే, ఇడ్లీ నడుమ వత్తి కనిపించింది. "సరేనమ్మా, అయితే ఓసారి వెలిగించు, చూద్దాం."

"వెలిగిస్తే షేప్ పోతుందండీ!"

"తినకూడదు, వెలిగించకూడదు. మరి ఏం చేయాలమ్మాయ్?"

"షోకేస్‌లో పెట్టుకోవాలండీ."

ఆయన తలూపి, డబ్బా మూసి, కాసేపు మౌనంగా కూర్చున్నారు. తర్వాత అసలు టిఫిన్ వడ్డించడానికి వచ్చిన కుర్రాణ్ణి ఆపి, వడను గోటితో గీకి చూసుకున్నాకే ప్లేట్లో వేయించుకున్నారు.

ఆ అమ్మాయి మంచి పిల్ల, కష్టజీవి. నేరం ఆమెది కాదు. అమ్మకాలెలా ఉన్నాయని అడిగితే, "కొనేవాళ్లు లేరండీ, అందుకే నేను కూడా క్లాసులు మొదలుపెట్టాను" అంది. ఇప్పుడు అర్థమైందా? ఈ పరిశ్రమలో సరుకు కొవ్వొత్తి కాదు, కొవ్వొత్తి చేయాలనుకునే మనిషి. ఇన్వర్టర్లొచ్చాక చర్చికీ, పుట్టినరోజు కేకుకూ తప్ప కొవ్వొత్తి ఎవరిక్కావాలి? పోనీ పొరుగూరికి పంపుదామంటే, గ్లాసుల్లో పోసే మెత్తటి సోయా మైనం 50 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మే నెలలో రెంటచింతల మీదుగా వెళ్లే పార్సిల్ వ్యానులో కొవ్వొత్తిగా ఎక్కింది పాయసంగా దిగుతుంది.

మణికొండ అమ్మాయికి పోయింది ఒక ఆదివారం, కొంత సొమ్ము. మా పక్క వీధిలో బట్టలు కుట్టే ఆవిడకు పోయింది పుస్తెలతాడు.

ఆమెకు మాస్టర్ క్లాస్ లేదు, మిషన్ ఉంది. "మిషన్ మాది, మైనం మాది, మీరు పోసిచ్చిన కొవ్వొత్తులన్నీ మేమే కొంటాం" అన్నారు ఓ ఆఫీసువాళ్లు. బై బ్యాక్ గ్యారంటీ, వంద రూపాయల స్టాంపు కాగితం మీద. తాడు తాకట్టు పెట్టి డిపాజిట్ కట్టింది. మొదటి విడత సరుకు రొక్కమిచ్చి కొన్నారు, ఆమెతో ఫొటో దిగారు, ఆ ఫొటో చూపించి అదే వీధిలో ఇంకో నలుగురిని చేర్పించారు. రెండో విడతలో వత్తి మధ్యలో లేదన్నారు, బరువు 2 గ్రాములు తక్కువన్నారు. మూడో విడతకు ఫోను స్విచాఫ్.

స్టేషనుకెళ్తే ఏమన్నారో తెలుసా? "అత్యాశకు పోతే ఇంతేనమ్మా" అన్నారు. పిల్లాడి ఫీజు కట్టుకోవాలనుకోవడం అత్యాశా? రాత్రి పదకొండు దాకా వేళ్లు కాల్చుకుంటూ మైనం పోయడం అత్యాశా? సిగ్గుండాలి ఆ మాట అనడానికి! చిన్న పరిశ్రమలే తయారుచేయాలని కేటాయించిన వస్తువుల్లో చివరికి 20 మిగిలితే, 2015 ఏప్రిల్‌లో కేంద్రం వాటి కేటాయింపునూ ఎత్తేసింది. పచ్చళ్లు, అగ్గిపెట్టెలు, గాజుల సరసన కొవ్వొత్తులూ ఉన్నాయి అందులో. పెద్ద కంపెనీ ఎంత పెద్ద ఫ్యాక్టరీ అయినా పెట్టుకోవచ్చు. ఆ ఫ్యాక్టరీతో, చిల్లరగా కొన్న మైనంతో, చేత్తో లాగే మిషన్‌తో ఈవిడ పోటీ పడాలట. అలా పడమని వేదికలెక్కి చెప్పేవాళ్లలో ఒక్కరైనా, ఆ సరుకు ఏ కొట్టువాడు ఏ ధరకు కొంటాడో చెప్పారా? సభ అయిపోగానే శాలువా కప్పించుకుని కారెక్కి పోవడమేగా!

మిషన్‌ను మొన్న పాత సామాన్లవాడు కిలోల లెక్కన తీసుకుపోయాడు. తాడు ఇంకా తాకట్టులోనే ఉంది. డిపాజిట్ కట్టించుకున్న ఆఫీసులో ఇప్పుడు కర్పూరం బిళ్లల మిషన్లు పెట్టారు. బోర్డు కొత్తది, కుర్చీలు అవే, రిసెప్షన్‌లో అమ్మాయి కూడా అదే. ఉచిత డెమో ప్రతి శనివారమట.