‘కామిక్స్‌లో అలా లేదు’ గారికి విజయనగరం నుంచి ఒక మనవి

మహారాజశ్రీ ‘కామిక్స్‌లో అలా లేదు’ గారి దివ్య సముఖానికి,

విజయనగరంలో సూపర్‌హీరో సినిమాలు చూసి, చూసిన దానికి రెట్టింపు సేపు వాటి గురించి వాదించుకునేవారి తరఫున రాసుకుంటున్న మనవి ఇది. తమరు ఒక మాట మాత్రమే అయినా మా మధ్య తమ హోదా జిల్లా కలెక్టరు హోదాకు తీసిపోదు. అయ్యకోనేరు గట్టు మీద గాని, గంటస్తంభం దగ్గర టీ కొట్టులో గాని ఎవరైనా ఐరన్ మ్యాన్ పేరెత్తి, సినిమాలో ఫలానా ఘట్టం బాగుందని అన్నారో లేదో, తమరు ఎవరో ఒకరి నోట ప్రత్యక్షమవుతారు. తమరు వచ్చాక ఇక కబుర్లు సాగవు. చెప్పేవాడు గురువైపోతాడు, వినేవాళ్లు శిష్యులైపోతారు, టీ డబ్బులు మాత్రం శిష్యులే ఇచ్చుకుంటారు.

తమరు అబద్ధం చెబుతారని నా ఫిర్యాదు కాదు. 2008 నాటి ‘ఐరన్ మ్యాన్’ సినిమాలో, కవచం తొడుక్కుని ఐరన్ మ్యాన్ అయ్యే టోనీ స్టార్క్ అఫ్గానిస్థాన్‌లో బందీ అయితే, 1963 మార్చి నాటి ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’ 39వ సంచికలో వియత్నాంలో బందీ అయ్యాడు. సినిమాలో జార్విస్ గొంతు మాత్రమే ఉన్న కంప్యూటర్ అయితే, కామిక్స్‌లో ఎడ్విన్ జార్విస్ కాళ్లూ చేతులూ ఉన్న బట్లర్. మొదటి సినిమా ముగిసేసరికే స్టార్క్ పత్రికలవారి ముందు తానే ఐరన్ మ్యాన్‌నని చెప్పేసుకుంటే, కామిక్స్‌లో అదే పెద్దమనిషి, ఐరన్ మ్యాన్ తన అంగరక్షకుడని లోకాన్ని నమ్మిస్తూ దశాబ్దాలు నెట్టుకొచ్చాడు. ఇవన్నీ నిజాలే. అయితే తమరు నిజం చెప్పి ఊరుకోరు. ఆ నిజాన్ని తీర్పుగా మార్చి, సినిమా చూసి సంతోషించినవాడు రెండో రకం అభిమాని అని, వాడి సంతోషం కూడా రెండో రకానిదేనని నిర్ణయిస్తారు. నా బాధంతా అక్కడే ఉంది.

ఇంతకీ తమరు ఏ కామిక్స్ తరఫున వకాల్తా పుచ్చుకున్నారో కాస్త సెలవిస్తారా? 1963లో మొదటి సంచికలో ఐరన్ మ్యాన్ కవచం బూడిద రంగులో ఉండేది. మరుసటి సంచికకే అది బంగారు రంగుకు మారింది. ఆ సంవత్సరం వెళ్లకముందే, మనకందరికీ తెలిసిన ఎరుపు, బంగారు వన్నెల కవచం వచ్చేసింది. వియత్నాం మాటకు వస్తే, 2005లో మొదలైన ‘ఎక్స్‌ట్రీమిస్’ కథలో రచయిత వారెన్ ఎల్లిస్, చిత్రకారుడు ఆది గ్రానోవ్ కలిసి ఆ ఘట్టాన్ని వియత్నాం నుంచి అఫ్గానిస్థాన్‌కు మార్చేశారు. సినిమావారు ఆ దారినే నడిచారు, ఆ గ్రానోవ్‌నే పిలిపించి కవచం రూపకల్పనలో సాయం తీసుకున్నారు. చివరకు 2019లో ఈ కామిక్స్ వేసే మార్వెల్ సంస్థ సియాన్‌కాంగ్ అనే లేని దేశాన్ని ఒకదాన్ని ముందుకు తెచ్చి, స్టార్క్ గాయపడిన యుద్ధం అక్కడ జరిగిందని రాసుకుంది. వియత్నాం యుద్ధకాలంలో యువకుడిగా ఉన్నవాడు నేటికీ యువకుడిగా ఎగురుతూ ఉండాలంటే, యుద్ధాన్ని ముందుకు జరపడం తప్ప ఆ రచయితలకు మరో మార్గం లేదు పాపం. ‘కామిక్స్‌లో వియత్నాం’ అని తమరు బల్ల గుద్దే వేళకు ఆ బల్లను కామిక్స్ వారే మరో గదిలోకి మార్చేశారన్నమాట.

ఈ కథల్లో గూఢచారుల పెద్ద అయిన నిక్ ఫ్యూరీ సంగతి ఇంతకన్నా ఇబ్బందికరం. 2002లో వచ్చిన ‘ది అల్టిమేట్స్’ కామిక్స్‌లో చిత్రకారుడు బ్రయన్ హిచ్ ఫ్యూరీని అచ్చంగా నటుడు శామ్యూల్ ఎల్. జాక్సన్ పోలికలతోనే గీశాడు. 2008లో, ఐరన్ మ్యాన్ సినిమా అయిపోయి పేర్లన్నీ పడిపోయాక, అదే జాక్సన్ ఫ్యూరీగా తెర మీదికి నడిచి వచ్చాడు. ఇక్కడ ఎవరు ఎవరిని అనుకరించినట్టు? తమ ధర్మశాస్త్రంలో దీనికి శ్లోకం ఉంటే దయచేసి వినిపించండి.

మా ఊరివాళ్లకు ఈ విషయంలో కొంత అనుభవం ఉంది. గురజాడవారి ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో ఇక్కడే మొదట ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారు. ఈ రోజు జనం చదువుతున్నది, ఆడుతున్నది, మాటకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తలుచుకుంటున్నది ఆ రెండో ప్రతినే. మధురవాణి గొప్పతనాన్ని గురించి ఎవరైనా మాట్లాడుతుంటే అడ్డుపడి, ‘మొదటి ప్రతిలో అలా లేదు’ అన్నవాణ్ణి ఇంతవరకు ఈ ఊళ్లో నేను చూడలేదు. తిరగరాయడం రచయిత హక్కని మావాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. ఆ ఔదార్యం న్యూయార్క్ కామిక్స్ రచయితల దాకా ఎందుకు వెళ్లలేదో నాకు బోధపడదు.

తమ పుట్టుక గురించి కూడా ఒక మాట అనక తప్పదు. మా చిన్నతనంలో అద్దె పుస్తకాల షాపుల్లో చందమామలు, బాలమిత్రలు, డిటెక్టివ్ నవలలు దొరికేవి గాని, ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’ అడిగితే షాపువాడు ఎగాదిగా చూసి ఉండేవాడు. ఇప్పుడు 39వ సంచికను కంఠస్థం చేసినవాళ్లంతా తెర మీద స్టార్క్‌గా రాబర్ట్ డౌనీ జూనియర్‌ను చూశాకే అటు తిరిగారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. స్వయంగా మార్వెల్ సంస్థ కథే అలాంటిది. 1996లో అది దివాలా పిటిషన్ వేసింది. స్పైడర్ మ్యాన్ సినిమా హక్కులు సోనీకి, ఎక్స్‌మెన్ హక్కులు ఫాక్స్‌కు పోయాయి. ఐరన్ మ్యాన్ హక్కులు కొన్నాళ్లు ఒక స్టూడియో నుంచి మరో స్టూడియోకు తిరిగి, ఎవరూ సినిమా తియ్యకపోవడంతో ఇంటికి వచ్చాయి. 2005లో కొన్ని పాత్రల సినిమా హక్కులను తాకట్టు పెట్టి, మెరిల్ లించ్ నుంచి 52.5 కోట్ల డాలర్ల రుణ సదుపాయం తెచ్చుకుని, సొంతంగా తీసిన మొదటి సినిమా ఈ ఐరన్ మ్యాన్. అప్పటికి సామాన్య జనంలో స్పైడర్ మ్యాన్‌కు ఉన్న పేరులో ఇతనికి పదో వంతు కూడా లేదు. సినిమా ప్రపంచవ్యాప్తంగా 58 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మరుసటి ఏడాదే డిస్నీ దాదాపు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొనేసింది. సినిమా ఆడకపోయి ఉంటే తమరు అసలు ఉండేవారా అని నా సందేహం. తమ తల్లిదండ్రులను తమరే వీధిలో తూలనాడుతున్నారు.

పోనీ, తమరు పనికొచ్చే చోటైనా పనికొస్తారా అంటే అదీ లేదు. 1979లో డేవిడ్ మిచెలినీ, బాబ్ లేటన్ కలిసి స్టార్క్‌ను తాగుడుకు బానిసైన మనిషిగా చూపిస్తూ ‘డీమన్ ఇన్ ఎ బాటిల్’ కథ రాశారు. శత్రువును కవచం లోపలే పెట్టిన కథ అది. 2010 నాటి రెండో సినిమా దాని పక్కనుంచి, ఒక విందులో స్టార్క్‌ను కాసేపు తూలనిచ్చి, జారుకుంది. సినిమావారిని నిలదీయవలసిన చోటు ఏదైనా ఉందంటే అది ఇదే, ఇక్కడ తమరు నోరు తెరిస్తే నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి. కాని ఈ సందర్భంలో తమ గొంతు ఎన్నడూ వినలేదు. 2013 నాటి మూడో సినిమాలో, కామిక్స్‌లో ఐరన్ మ్యాన్‌కు పాత శత్రువైన మాండరిన్ అనేవాడు నిజానికి కూలికి వచ్చిన నటుడని తేలినప్పుడు మాత్రం తమరు శివాలెత్తిపోయారు. “పది ఉంగరాలుండాల్సినోణ్ణి తాగుబోతు యాక్టర్ని సేసి పారేసినార్రా! కామిక్స్‌లో ఇలా లేదు!” అని మా మిత్రుడొకడు థియేటర్ మెట్ల మీదే ఆవేశపడ్డాడు. 1964లో పుట్టిన ఆ మాండరిన్, చైనావాళ్లంటే అమెరికాలో ఉన్న భయాన్నీ ఎగతాళినీ కలిపి పోత పోసిన బొమ్మ. వాణ్ణి యథాతథంగా తెర మీదికి తేవాలని కోరుకునేవారు ముందు ఆ పాత సంచికలను ఒకసారి తెరిచి చూస్తే మంచిది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించే సంగతి మరొకటుంది. కామిక్స్ మీద ఇంత భక్తి ఉన్న తమరు వాటిని గీసినవాళ్ల పేర్లు పలకరు. మొదటి కథకు ఊహ స్టాన్ లీది, మాటలు ఆయన తమ్ముడు లారీ లీబర్‌వి, ముఖచిత్రం జాక్ కిర్బీది. లోపలి బొమ్మలన్నీ డాన్ హెక్ గీసినవి. టోనీ స్టార్క్ మీసకట్టుకు, అతని సెక్రటరీ పెప్పర్ పాట్స్‌కు, డ్రైవరు హ్యాపీ హోగన్‌కు తొలి రూపమిచ్చిన చెయ్యి ఆ హెక్‌దే. 1995లో ఆయన కన్నుమూశారు, అంటే సినిమా తాలూకు ఒక్క డాలరుగాని, ఒక్క చప్పట్ల చప్పుడుగాని ఆయన వరకు చేరలేదు. గట్టు మీద ఎంతమందిని అడిగినా డౌనీ పారితోషికం లెక్క చెప్పారు గాని, హెక్ ఎవరో చెప్పలేదు. వారి నాలుక మీద రాత్రింబవళ్లు కాపురం ఉండే తమరే చెప్పనప్పుడు వారిని అని ప్రయోజనం లేదు.

2024 జులైలో శాన్ డియేగోలో, డౌనీ ఈసారి డాక్టర్ డూమ్ అనే ప్రతినాయకుడిగా తిరిగి వస్తున్నాడని ప్రకటించిన నాటి నుంచి తమకు ఇక్కడ మళ్లీ చేతినిండా పని దొరికింది. డూమ్ 1962లోనే, ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 5వ సంచికలో, ఐరన్ మ్యాన్ కన్నా ముందే పుట్టాడని, వాడికీ స్టార్క్‌కూ సంబంధమే లేదని, ఒకే ముఖం ఇద్దరికీ పెట్టడం అపచారమని మావాళ్లు తమ పేరిట ప్రతిజ్ఞలు చేస్తున్నారు. 2026 డిసెంబరు అని విడుదల తేదీ ప్రకటించిన ఆ సినిమాకు వెళ్లేలోగా ఊళ్లో మిత్రభేదం ఖాయంగా కనిపిస్తోంది. అందుచేత తమరు ఒక్క ఉపకారం చెయ్యాలి. 2016లో వచ్చిన ‘ఇన్‌ఫేమస్ ఐరన్ మ్యాన్’ అనే కామిక్స్‌లో ఆ డాక్టర్ డూమ్ స్వయంగా కవచం తొడుక్కుని ఐరన్ మ్యాన్‌గా తిరిగాడు. ఈ సంగతి నేను చెబితే మావాళ్లు నమ్మరు, సినిమాలు చూసేవాడి మాటకు విలువేముందంటారు. కనుక తమరే ఒక సాయంత్రం శ్రమపడి గట్టు మీదికి వేంచేసి, ఒక్క పూటకు పేరు మార్చుకుని, ‘కామిక్స్‌లో అలాగే ఉంది’ అని వారికి తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
సినిమా ముందు చూసి, కామిక్స్ తర్వాత చదివిన
ఒక విజయనగరం వాసి