షెడ్డులో కట్టిన కారుకు నంబరు రావడం అంత తేలిక కాదు

పాత మారుతి 800 ఇంజిన్‌తో ఇంట్లోనే కారు కట్టి ఆర్టీవోకు చూపిస్తే నంబరు వచ్చేస్తుందని ఒక వ్యాసంలో రాశారు. అలా రాదండీ. బ్రిటన్‌లో ఒక్క బండినే పరీక్షించి అనుమతిచ్చే ఐవీఏ పద్ధతి ఉంది; అక్కడ విడిభాగాల కిట్ కొని కారు బిగించుకున్నవాళ్లు దర్జాగా రోడ్డెక్కుతారు. మన దగ్గర అలా కాదు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని రూల్ 126 కింద తయారీదారు నమూనా బండిని పుణె ఏఆర్‌ఏఐ, ఇక్కడ చెన్నై దగ్గరి ఒరగడం జీఏఆర్‌సీ లాంటి వాహన పరీక్షా కేంద్రాల్లో పరీక్షకు పెట్టాలి. పాత ఆర్సీ మీద కొత్త బాడీ తిప్పుదామన్నా బండి రూపు మార్చడాన్ని కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం. తయారీదారు ఇచ్చిన అసలు కొలతలకు, వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

చెన్నైలో మెకానికల్ చదివే మన తెలుగు పిల్లలు ఇలాంటివి చదివి అమ్మానాన్నల డబ్బు పోస్తారు, అదే నా బాధ. కట్టొద్దనను, సస్పెన్షన్, వెల్డింగు చేత్తో నేర్చుకోవడం గొప్ప విషయం. కానీ రోడ్డెక్కించకండి బాబూ. రిజిస్ట్రేషన్ రాని ఇలాంటి బండికి బీమా దొరకదు, ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారమంతా మీ ఇంటిమీదే పడుతుంది.