డెబ్బై ఏళ్లుగా చేతిలోనే ఉన్న బొమ్మ

అమెరికన్ చిత్రకారిణి గ్రాండ్‌మా మోజెస్ గురించి ఎవరు రాసినా ముందుగా ఆమె వయసునే ప్రస్తావిస్తారు. 1860లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్ డెబ్బై అయిదు దాటాకే కుంచెను గట్టిగా పట్టుకున్నారు. 1961లో, 101 ఏళ్ల వయసులో కన్నుమూసేనాటికి పదిహేను వందలకు పైగా చిత్రాలు వేశారు. ఆశ్చర్యపోవలసిన సంగతే. అయితే ఆ ఆశ్చర్యంలో పడి, అన్నేళ్లూ ఆ చేతులు ఏం చేస్తున్నాయన్నది మనం అడగడమే లేదు.

చిన్నప్పుడు తండ్రి తెచ్చిచ్చిన కాగితాల మీద పండ్ల రసంతో రంగులద్దిన పిల్ల, పన్నెండో ఏటనే ఇతరుల ఇళ్లలో పనికి కుదిరింది. పెళ్లయ్యాక పొలం పని, పది కాన్పులు, అయిదుగురు బిడ్డలను పసితనంలోనే పోగొట్టుకున్న దుఃఖం. తీరిక చిక్కినప్పుడు ఊలు దారాలతో బట్ట మీద దృశ్యాలు కుట్టేవారు. కీళ్లవాతంతో సూది పట్టడం కష్టమైతే, కుంచె అయితే తేలిక కదా అని చెల్లెలు సలహా ఇచ్చింది. అంటే కొత్తగా వచ్చింది పనిముట్టు మాత్రమే. రంగు పక్కన రంగు పేర్చే చూపు కుట్టుపనిలోనే పదునెక్కింది.

ఆమె పద్ధతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అట్టలాంటి చెక్క పలకకు మూడు పూతలు తెల్లరంగు వేసి, పైనుంచి కిందికి వచ్చేవారు: ముందు ఆకాశం, తర్వాత కొండలు, చెట్లు, ఇళ్లు, పశువులు, చివరికి మనుషులు. కళ్లూ నోళ్లూ దిద్దడానికి అగ్గిపుల్ల, గుండుసూది వాడేవారు. మనుషులు కాస్త బిగుసుకుపోయినట్టు కనిపిస్తారన్నది ఒప్పుకోవలసిందే. కానీ మేపుల్ చెట్ల రసాన్ని కాచి చక్కెర చేసే చిత్రంలో ఎవరు ఏ పని మీద ఉన్నారో పోల్చుకోవడానికి మనకు క్షణం పట్టదు. ఆ పనులన్నీ తెలిసిన మనిషి గీసిన బొమ్మ అది.

1938లో న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న హూసిక్ ఫాల్స్ అనే ఊళ్లో ఒక మందుల దుకాణం అద్దాల వెనక ఉన్న ఆమె చిత్రాలు లూయీ కాల్డర్ అనే సేకర్త కంటపడ్డాయి. 1940 అక్టోబరులో న్యూయార్క్ నగరంలో ఆమె తొలి వ్యక్తిగత ప్రదర్శన జరిగింది.

అదే 1940లో అలబామాలోని మాంట్‌గోమరీలో మరో వృద్ధుడి బొమ్మలనూ ప్రదర్శించారు. దాదాపు 1853లో బానిసగా పుట్టిన బిల్ ట్రేలర్, ఎనభై అయిదు ప్రాంతాల వయసులో వీధి పక్కన కూర్చుని, పారేసిన అట్టముక్కల మీద గీసిన బొమ్మలవి. ఆయనా ఏ బడిలోనూ చిత్రకళ నేర్చుకోలేదు. ఆయన గీతలు మోజెస్ గీతలకన్నా ధైర్యమైనవని నేను నమ్ముతాను. మోజెస్‌కు దేశాధ్యక్షుడి ఆతిథ్యం దక్కిన 1949లోనే ట్రేలర్ చనిపోయారు. స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం ఆయన చిత్రాలతో భారీ ప్రదర్శన ఏర్పాటు చేసింది 2018లో.