పన్నెండు షార్పీలు పెట్టి, ఒక్క హేజర్ వద్దంటే ఎలా?

మొన్న ఒక సంగీత్‌కి లైట్లు చేశాను. పైన లైట్లు తగిలించే ఫ్రేమ్ (ట్రస్) మీద పన్నెండు షార్పీలు, అంటే సన్నటి వెలుగు గీతలు (బీమ్‌లు) కొట్టే లైట్లు. బడ్జెట్ తగ్గించాల్సి వచ్చేసరికి ఆర్గనైజర్ ముందు కొట్టేసింది హేజర్‌నే, అంటే గాల్లో పలచటి పొగమంచులాంటిది (హేజ్) పరిచే మిషన్‌నే. "పొగే కదన్నా, ఎందుకది?" అన్నాడు. షో మొదలైన పది నిమిషాలకే నేను లైట్లు నడిపే కన్సోల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, బీమ్‌లు కనబడట్లేదు, సీలింగ్ మీద చుక్కలే పడుతున్నాయి!"

కనబడవు తమ్ముడూ. పెంకుటింట్లో పొద్దున్నే కప్పు సందులోంచి ఎండ పడుతుంది చూడు, ఆ గీత మనకు కనిపించేది గాల్లో దుమ్ము ఉండబట్టే. కాంతి దేనికో ఒకదానికి తగిలి మన కంటివైపు తిరగాలి. హాల్లో ఆ దుమ్ము చేసే పని హేజర్ చేస్తుంది. కంటికి పొగలా అనిపించనంత పలచగా హాలంతా పరుచుకుంటుంది.

ఆ రాత్రి అప్పటికప్పుడు డీజే దగ్గరున్న స్మోక్ మిషన్ తెచ్చి పెట్టారు. అది లిక్విడ్‌ని వేడిచేసి ఒక్కసారిగా తెల్లటి మబ్బులా కక్కుతుంది. పాడుతున్న అమ్మాయికి దగ్గు, ముందు వరుసలో పెద్దవాళ్ల ముక్కులకు చీర కొంగులు, వీడియోలో పెళ్లికొడుకు ముఖమే లేదు. రెండు నిమిషాల్లో పొగ పోయింది, బీమ్‌లూ పోయాయి. మళ్లీ కొట్టమన్నారు. స్మోక్ వేరు, హేజ్ వేరు అని ఎన్నిసార్లు చెప్పాలి? పెళ్లికూతురు మబ్బుల మీద నడిచొచ్చినట్టు చూపించే డ్రై ఐస్ ఇంకా వేరు. అది కార్బన్ డయాక్సైడ్, నేలబారునే ఉంటుంది.

నాకు బాగా కోపం తెప్పించేది డాన్స్ ప్రోగ్రాముల్లో జరిగేది. కూచిపూడి పిల్లలు ఒట్టి కాళ్లతో ఆడతారు. తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి పళ్లేన్ని కదుపుతూ ఆడతారు. సైడ్ వింగ్‌లో స్మోక్ మిషన్ పెట్టి కొడితే దాని మూతి ముందు నేల మీద జిడ్డు తడి పేరుకుంటుంది. ఆ పిల్ల జారితే బాధ్యత ఎవరిది? వింగ్స్‌లో స్మోక్ మిషన్ ఉంటే నేను ఒప్పుకోను. నాతో గొడవపడ్డవాళ్లు ఉన్నారు, పడనివ్వండి.

హేజ్ అసలు ఏమీ చేయదని నేను అనను. ఆస్తమా ఉన్నవాళ్లకు, గంటల తరబడి పాడేవాళ్లకు ముందే చెప్పాలి. అమెరికాలో బ్రాడ్‌వే నటుల ఆరోగ్యం మీద 2000లో వచ్చిన అధ్యయనాన్ని బట్టి పరిమితులు పెట్టుకున్నారు. ఈ మిషన్ల లిక్విడ్‌లో ఉండే గ్లైకాల్ అనే రసాయనం క్యూబిక్ మీటరు గాలిలో ఏ క్షణంలోనూ 40 మిల్లీగ్రాములు దాటకూడదు. మన దగ్గర లిక్విడ్ డబ్బా మీద లేబుల్ కూడా ఉండదు. మిషన్‌కి కంపెనీ చెప్పిన లిక్విడ్ ఒకటైతే, పోసేది చవగ్గా దొరికేది ఇంకొకటి. నీళ్లు, గ్లైకాల్‌తో నడిచే మిషన్‌లో మినరల్ ఆయిల్ పోయడం తప్పు, ప్రమాదం కూడా.

సరిగ్గా వాడితే హేజర్ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. జనం రాకముందే, అరగంట ముందు ఆన్ చేయాలి. అవుట్‌పుట్ తక్కువలో పెట్టి, ఫ్యాన్‌తో మెల్లగా పరవాలి. ఏసీ గాలి ఎటు లాగుతుందో చూసుకుని మిషన్ చోటు మార్చాలి. ఓపెన్ గ్రౌండ్ అయితే గాలి ఎటు తిరిగితే హేజ్ అటు పోతుంది, అక్కడ ఒక్క మిషన్ సరిపోదు.

హేజ్‌ని నిజం పొగ అనుకుని ఫైర్ అలారం మోగొచ్చు, ఆ సంగతి హాలు వాళ్లతో ముందే మాట్లాడాలి. డిటెక్టర్‌కి దొంగచాటుగా ప్లాస్టిక్ కవర్ చుట్టేవాళ్లను కళ్లారా చూశాను. వెయ్యి మంది కూర్చున్న హాల్లో అలా చేయడానికి మనసెలా ఒప్పుతుంది? హాలు వాళ్లే ఆ భాగం (జోన్) డిటెక్టర్లు ఆపాలి, షో అయ్యేదాకా ఒక మనిషి కాపలా ఉండాలి, అయ్యాక మళ్లీ ఆన్ చేసింది మనం చూసుకోవాలి.

వచ్చే వారం ప్రోగ్రామ్‌కి కొటేషన్ పంపాను. మొదటి లైన్లోనే హేజర్ రాశాను. తగ్గించాలంటే నాలుగు షార్పీలు తీసేయమన్నాను.